తీయని నవ్వు

ఈ సంగతిని ఇంతకాలం నేను కాగితం మీద పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం మరుపు కాదు, భయం. ఇప్పుడు పెట్టడానికి కారణమూ అదే. గత నెల మదురైలో ఒక గుండె వైద్యుడు నా పరీక్షల కాగితాలన్నీ ఓపికగా తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద ఉంచి, "అవసరమిల్లె అయ్యా" అన్నారు. నా పక్కన మా కోడలు సుజాత కూర్చుని ఉంది. ఆమె గోదావరి వైపు పిల్ల. మా పెరియకుళానికి కాపురం వచ్చి పదిహేనేళ్ళు దాటినా తమిళం బజారు మేరకే వచ్చు. ఆమె రెండు చేతులూ జోడించి, "హమ్మయ్య! ఆపరేషన్ అవసరం లేదంటున్నారు మామయ్యగారూ!" అంది. వైద్యుడు అన్నది అది కాదు. తమిళంలో అవసరం అంటే తొందర. ఆమె ముఖంలోని సంతోషం చూసి ఆయనే సందేహించి, "అమ్మా, అవసరందాన్ ఇల్లె. అవసియం ఇరుక్కు" అని నెమ్మదిగా చెప్పారు. తొందర లేదు కాని చేయక తప్పదు, రెండు మూడు వారాలలో పెట్టుకుందామని ఆయన భావం. సుజాత ముఖం వాడిపోయింది. నేను మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఆ ఒక్క మాటకు ఉన్న రెండు అర్థాల నడుమ నా ఎనిమిదవ ఏట ఒకసారి నా ప్రాణం ఇరుక్కుంది. అది ఎలా జరిగిందో తెలిసినవాళ్ళలో నేనొక్కడినే మిగిలాను. ఆపరేషన్ బల్ల మీద కళ్ళు మూసుకోవడానికి ముందు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, వరుసగా, రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను.

నేను పుట్టి పెరిగిన ఊరు ఉడుమలైపేటకు బస్సులో అరగంట. మా పెద్దలు ఏ రాజుల కాలంలో కృష్ణ దాటి వచ్చారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వచ్చారన్నది మాత్రం అందరికీ తెలుసు. మా తెలుగుకు బడి లేదు, పలక లేదు. మా నాయన తమిళ బడిలో ఉపాధ్యాయుడు, క్రమశిక్షణ గల మనిషి. ఇంట్లో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది: వంటింట్లో తెలుగు, వసారాలో తమిళం, పలక మీద ఇంగ్లీషు. గడప దాటగానే భాష మారాలి. పొరపాటున వసారాలో "నాయనా, కూడు తినేదానికి రా" అంటే ఆయన తల ఎత్తేవారు కాదు. తెలుగు మాట్లాడే మా ఊరి మొత్తానికి తెలుగు అక్షరం చదవగలిగిన మనిషి ఒక్కడూ లేడు. చుట్టూ ఉన్నదంతా తమిళమే కనుక మాకు తెలియకుండానే మా మాటల కడుపులో తమిళ అర్థాలు చేరిపోయాయి. అలా చేరాయని కూడా మాకు తెలియదు. అదే తెలుగు అనుకునేవాళ్ళం.

నన్ను పెంచింది మా అవ్వ, అంటే నాయన తల్లి. అమ్మకు పొలం పనీ చంటి తమ్ముడూ సరిపోయేవి. అవ్వ తెల్లవారక ముందే లేచి, వాకిట పేడనీళ్ళు చల్లి, తలకు ఆముదం రాసుకుని, రోట్లో పత్తిగింజలు రుబ్బి ఎద్దులకు పెట్టేది. ఆ నూనె వాసన, తడి పేడ వాసన, పొయ్యిలో కొబ్బరిమట్టల పొగ, ఈ మూడూ కలిస్తే నాకు అవ్వ. ఆమె ఏ పనినీ హడావుడిగా చేసేది కాదు. బస్సు కనుమరుగవుతున్నా పరుగెత్తేది కాదు. "అవసరం ఏమిటికి సామీ? అది పోతే ఇంగొకటి వస్తాది" అనేది. ఆ మాట ఆమె నోటి వెంట రోజుకు పదిసార్లు వచ్చేది. పిల్లలను సామీ అని పిలవడం మా వైపు వాడుక. అవ్వకు నేనూ సామినే, గుళ్ళో ఉన్నవాడూ సామే, ఇద్దరినీ ఒకే గొంతుతో పిలిచేది.

ఒక తెలుగు సినిమా కంపెనీ కోయంబత్తూరులోని స్టూడియోలో చిత్రం తీస్తూ ఉండగా, మద్రాసు నుంచి తెచ్చుకున్న పిల్లవాడికి అమ్మవారు పోసింది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయని ఎవరో చెబితే వాళ్ళు కారు వేసుకుని మా బడికి వచ్చారు. నేను బెరుకు లేకుండా మాట్లాడాను. అలా మాస్టర్ రంగ అయ్యాను. అసలు పేరు రంగసామి, అది మరీ మొరటుగా ఉందన్నారు. రెండేళ్ళలో మూడు చిత్రాలలో నటించాను. అవ్వ నాతో వచ్చేది. నా తెలుగు విని వాళ్ళు నవ్వేవారు. "కూడు కాదు నాన్నా, అన్నం అనాలి. నగతాడు కాదు, నవ్వుతాడు" అని సంభాషణలు నేర్పే సుబ్బారావుగారు దిద్దేవారు. ఆయన కృష్ణా జిల్లా యువకుడు, సహాయ దర్శకుడు, మర్యాదస్థుడు. అవ్వను మామ్మగారూ అనేవారు. ఆమె నా చెవిలో, "మామ్మ ఎవుర్రా? నన్నేనా?" అని అడిగేది. దిద్దించుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. తప్పును తప్పని చెప్పి, సరైనదాన్ని దాని స్థానంలో పెట్టడంలో ఉన్న సుఖం నాకు మొదట తెలిసింది అక్కడే. ఆయన నా మాటలనే దిద్దారు. అవ్వ మాటలను ఎవరు దిద్దుతారు?

నాలుగవ చిత్రంలో నేను చచ్చిపోవాలి. అమరావతి ఏటి ఒడ్డున పాము కరిచి తండ్రి ఒళ్ళో ప్రాణం విడవాలి. ఆ రోజు మేకప్ వేసే చెన్నయ్య నా పెదవులకు నీలిరంగు పూస్తూ సినిమావాళ్ళ ఆచారం ఒకటి చెప్పాడు. ఎవరైనా శవంగా నటిస్తే, ఆ సన్నివేశం ముగియగానే వాళ్ళను లేపి, కెమెరా వైపు చూసి నవ్వమని, ఆ నవ్వును కూడా రీలు మీదికి ఎక్కిస్తారు. బూడిదగుమ్మడికాయ ఒకటి పగలగొడతారు. ఆ నవ్వు సినిమాలో కనబడదు. అయినా తీసి తీరాలి. "ఎందుకు?" అన్నాను.

"ఎందుకా? యముడు సినిమా చూస్తాడు బాబూ. నీ నవ్వు లేకపోతే, పిల్లాడు నిజంగానే పోయాడే, నా జాబితాలోంచి ఎలా జారాడా అని వెతుక్కుంటూ వచ్చేస్తాడు" అని చెన్నయ్య తన మాటకు తానే నవ్వాడు. అవ్వ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మధ్యాహ్నమంతా చచ్చిపోయాను. తండ్రి వేషం వేసిన పెద్దమనిషి కన్నీరు నా మెడ మీద పడి కిందికి జారేది. అది తియ్యటి మందు వాసన వేసేది. కళ్ళు మూసుకున్నాక చీమ ఒకటి చెవి దగ్గర తిరిగేది. కదలకూడదు. ఊపిరి బిగపట్టాలి. కళ్ళ వెనక ఎర్రటి చీకటి. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నా పేరు పిలుస్తున్నారు, నేను పలకకూడదు. చచ్చిపోవడం అంటే ఇదే కాబోలు, పిలుస్తుంటే వినబడుతూ ఉండటం, పలకలేకపోవడం, అని నాకు ఆ ఒడిలో తోచింది. నాలుగుసార్లు అలా పడుకున్నాక దర్శకుడు సరే అన్నారు. ఏటి నీళ్ళకు తడిసిన బట్టలతో నాకు వణుకు పుట్టింది. అవ్వ నన్ను ఎత్తుకుని కొబ్బరితోపులోకి తీసుకుపోయి, కొంగుతో తుడిచి, కూడు మూట విప్పి పెరుగు కలపసాగింది. అప్పుడు సుబ్బారావుగారు వచ్చారు.

"మామ్మగారూ, పిల్లాడి నవ్వు షాట్ ఒకటి మిగిలిందండీ. వెలుతురు పోతోంది. ఇప్పుడు తీయమంటారా?"

"అవసరం లేదు సామీ" అంది అవ్వ. "బిడ్డ సలికి అదురుతా ఉండాడు. కూడు తిననీ."

ఆయన కొంచెం తెల్లబోయారు. "అవసరం లేదా? మీకేమీ పట్టింపు లేదా? డైరెక్టరుగారితో అలాగే చెప్పమంటారా?"

"సెప్పు. ఒక్క రవ్వ కూడా అవసరం లేదని అవ్వ సెప్పిందని సెప్పు. మేము యాడికి పోతాము? ఈడనే ఉండాము."

"మంచి ధైర్యమేనండీ మీది" అని ఆయన వెళ్ళిపోయారు. నేను విన్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆ మాటకు అవ్వకు తెలిసిన అర్థమే నాకూ తెలుసు. అవ్వ తాపీగా నాలుగు ముద్దలు పెట్టి, మూతి కడిగి, తల దువ్వి, నవ్వడానికి నన్ను సిద్ధం చేసి ఏటి ఒడ్డుకు తీసుకొచ్చింది. అక్కడ ఇసుకలో చక్రాల జాడలున్నాయి. ఒక రాయి మీద, పసుపు రాసి బొట్టు పెట్టిన బూడిదగుమ్మడికాయ, పగలకుండా, అలాగే ఉంది. కెమెరా లేదు. మనుషులు లేరు. మమ్మల్ని ఇంటికి చేర్చడానికి ఉంచిన వ్యాను డ్రైవరు బీడీ ఆర్పి, "అందరూ పోయిట్టాంగ పాటీ. రేపు మద్రాసు" అని తమిళం కలిపి అవ్వతో అన్నాడు. అవ్వ గుమ్మడికాయను చంకలో పెట్టుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుంది. ఆ చేయి నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, మర్నాటికి అక్కడ కమిలింది.

ఆనాటి నుంచి మా ఇంట్లో భయం ఒక మనిషిలాగా కాపురం పెట్టింది. గుమ్మడికాయను ఎద్దుల కొట్టంలో దూలానికి వేలాడదీశారు. కూర వండడానికి అమ్మకు చేతులు రాలేదు; పారేయడానికి అవ్వ ఒప్పుకోలేదు. నా లెక్క తేలికైనది: యముడు సినిమా చూసేది సినిమా విడుదలైనప్పుడే గనుక, విడుదలలోగా నా నవ్వు తీస్తే బతుకుతాను, లేకపోతే లేదు. ఈ తర్కాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. నిద్రపోతే కళ్ళు మూతపడతాయి కనుక, నిద్రను ఎంతవరకు ఆపగలనో అంతవరకు ఆపేవాణ్ణి. పగలు బడిలో కునికిపాట్లు పడుతూ ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఇంట్లో కళ్ళు తెరిచినప్పుడల్లా నా ముక్కు కింద ఆముదం వాసన వేసే వేళ్ళు రెండు ఉండేవి. అవ్వ నా ఊపిరి చూస్తూ ఉండేది.

నాయన దీన్నంతా అసహ్యించుకున్నారు. "రీలుకు ప్రాణం తీసే శక్తి ఉంటే, మనకు పోలీసులెందుకు?" అన్నారు, అదీ వసారాలో, తమిళంలో. అయినా ఒకరోజు కూర్చుని, చక్కటి దస్తూరీతో, కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. "నమ్మి రాయలేదు. మీ అవ్వ కూడు మానేసింది కాబట్టి రాశాను" అని నాతో అన్నారు, వంటింట్లోకి వచ్చి, తెలుగులో. జవాబు రాలేదు.

చివరకు అవ్వ నన్ను తీసుకుని బస్సెక్కి కోయంబత్తూరు వెళ్ళింది. ఆ ఒక్కరోజే ఆమె బస్సు కోసం పరుగెత్తడం నేను చూశాను. స్టూడియో గేటు దగ్గర కాపలావాడు మమ్మల్ని గుర్తుపట్టాడు. అతను తమిళుడే గాని తెలుగు కంపెనీలతో కలిసి రెండు భాషలూ నేర్చినవాడు. మా అదృష్టం కొద్దీ సుబ్బారావుగారు మిగిలిన దుస్తుల మూటలు తీసుకుపోవడానికి ఆ రోజే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అవ్వ ఆయన ముందు నిలబడింది.

"ఏమి సామీ, నా బిడ్డ నగింది తీయకుండా పోతిరే! ఇది న్యాయమా?"

ఆయన లేచి నిలబడ్డారు. "అదేమిటి మామ్మగారూ! మీరే కదండీ అవసరం లేదన్నది? రెండుసార్లు అడిగాను. ఒక్క రవ్వ కూడా లేదన్నారు."

"ఆమా, అంటిని. అవసరం లేదంటిని. వద్దంటినా?"

"అవసరం లేదంటే వద్దనే కదండీ?"

"ఎట్ల అవుతాది? అవసరం లేదంటే మెల్లిగా తీయమని కదా!"

ఇద్దరూ ఒకరినొకరు వెర్రివాళ్ళను చూసినట్టు చూసుకున్నారు. అప్పుడు కాపలావాడు చుట్ట తీసి, "పాటీ, వాళ్ళ తెలుగులో అవసరం అంటే అవసియం. నువ్వు అవసియం లేదన్నట్టు ఆయన విన్నాడు" అన్నాడు. అంత పెద్ద విషయాన్ని అతను అంత మామూలుగా చెప్పి చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

అవ్వ నేల మీద కూర్చుంది. ఏడవలేదు. తన పెదవులను తన వేళ్ళతో, ఎవరివో ముట్టుకున్నట్టు, తడుముకుంది. "అట్లయితే నేనేనా? నా బిడ్డను నా నోటితోనే అంపిస్తినా?" అంది. ఆ మాట నన్ను భయపెట్టినట్టు ఆ ముందూ ఆ తరువాతా ఏదీ భయపెట్టలేదు. అంతవరకు నేను చచ్చిపోతానేమో అన్న అనుమానమే ఉండేది. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకున్నప్పుడు పిల్లలకు అనుమానం పోయి నమ్మకం కలుగుతుంది. సుబ్బారావుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సినిమా పూర్తయిందని, వచ్చే నెల విడుదలని, కెమెరా తన చేతిలోది కాదని చెప్పారు. "ఒక ఫోటో అయినా తీయించండి మామ్మగారూ. నవ్వు నవ్వే కదా. ఎక్కడ తీస్తే ఏం?" అన్నారు. ఆ మాట ఆయన ఓదార్పుకు అన్నారు. అవ్వ దాన్ని ఆజ్ఞగా తీసుకుంది.

ఉడుమలైపేటలో ఫోటో తీసేవాడు మా తెలుగువాడే. నవ్వుతున్న ఫోటో కావాలనేసరికి అతను కెమెరా ముసుగులోంచి తల బయటికి పెట్టాడు. "ఫోటోలో నగితే మర్యాద ఉంటాదా అవ్వా? పెండ్లి సంబంధానికి పంపినా నగకుండానే తీస్తాము. పండ్లు బయటికి తెలిస్తే ఎవుడు పిల్లనిస్తాడు?"

"వానికి ఎనిమిదేండ్లురా మూదేవీ! పిల్లనెవుడు అడిగె? నగించు!"

నేను నవ్వలేకపోయాను. కెమెరా గాజుకన్ను చూడగానే ఏటి ఒడ్డే గుర్తుకొచ్చింది. అవ్వ బతిమాలింది. తరువాత, ఆ గంభీరమైన ముసలామె, కొంగు నడుముకు చుట్టి, బెత్తం పట్టుకుని వసారాలో పచార్లు చేసే మా నాయన నడకను నడిచి చూపించింది, గొంతు మార్చి, "వసారాలో తెలుగా? ఆ?" అంది. ఫోటోగ్రాఫరు విరగబడి నవ్వాడు. నేను పళ్ళు బయటపెట్టాను. దీపం మెరిసింది. బయటికి రాగానే అవ్వ సంచీలోంచి గుమ్మడికాయ తీసి ఆ అంగడి గడప ముందే కొట్టింది. "నా అంగడికి దిష్టి తీసేదానికి నిన్నెవురు పిలిస్తిరి?" అని అతను అరుస్తూనే ఉన్నాడు, మేము వెళ్ళిపోయాం. ఫోటో చేతికి వచ్చాక చూశాను. పళ్ళు నవ్వుతున్నాయి. కళ్ళు నవ్వడం లేదు.

సినిమా మా వైపు తెలుగువాళ్ళ కోసం మూడు రోజులు ఆడింది. మొదటి రోజు మ్యాట్నీకి అవ్వ నన్ను తీసుకుపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె సినిమా హాలులో అడుగు పెట్టడం అదే మొదలు. ఆడవాళ్ళు కూర్చునే నేల తరగతిలో మొదటి వరుసలో కూర్చుంది. నన్ను తన కొంగు కింద దాచుకుంది. "తెర సూడొద్దు. కండ్లు మాత్రం మూయొద్దు" అంది. నేను నేల మీది వేరుశెనగ తొక్కలు చూస్తూ, కళ్ళు మండుతున్నా రెప్ప వేయకుండా కూర్చున్నాను. నా గొంతు పైనుంచి వినబడుతోంది. ఆ గొంతు అన్నం అంది, నవ్వు అంది, అన్నీ తప్పుల్లేకుండా అంది. పాము వచ్చినట్టుంది, హాలంతా అయ్యో అంది. నన్ను పిలుస్తున్న ఏడుపు వినబడింది. అప్పుడు నా మీది నుంచి కొంగు జారింది. అవ్వ లేచి నిలబడింది.

ఆమె ఫోటోను రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుంది. తెర వైపు కాదు. వెనక్కి, వెలుతురు వచ్చే ఆ చిన్న కిటికీ వైపు తిరిగి పట్టుకుంది. యముడు అక్కడినుంచి చూస్తాడని ఆమె అనుకుని ఉంటుంది. "సూడు! సక్కగా సూడు! వీడు నా మనవడు! నగతా ఉండాడు!" అని అరిచింది. హాలు ఒక్కసారిగా కేకలతో నిండింది. "ఏయ్ కెళవీ, ఉక్కారు!" అని తమిళం. "అవ్వా, నీ తల తెర మీద పడతా ఉండాది, కూచో!" అని తెలుగు. ఎవరో వేరుశెనగ పొట్లం విసిరారు. ఆమె కూర్చోలేదు. ఎవరితో మాట్లాడుతోందో ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. చూడవద్దన్నా నేను ఒక్క క్షణం తెర వైపు చూశాను. ఒడిలో ఉన్న పిల్లవాడి ముఖం ఉండవలసిన చోట అవ్వ నీడ ఉంది, ఎత్తిన చేతులు, నలుచదరపు ఫోటో నీడ. నా చావు నాకు కనబడలేదు. ఆమె కప్పేసింది. ఆ సన్నివేశం అయిపోయేదాకా ఆ చేతులు దిగలేదు.

ఆట విడిచాక బయట ఒకాయన నా బుగ్గ గిల్లి, "ఈడేరా సచ్చిన పిల్లోడు!" అని నలుగురికీ చూపించాడు. అవ్వ అతని చేతిని తోసేసి, నడుస్తూనే నా ముక్కు కింద వేళ్ళు పెట్టింది.

నా సినిమా జీవితం ఆ తరువాత ఎక్కువకాలం సాగలేదు. మద్రాసులో ఒక చిత్రంలో నిద్రపోయే పిల్లవాడి వేషం ఇచ్చారు. కళ్ళు మూయమనేవారు, మూసేవాణ్ణి. కెమెరా కదిలిన చప్పుడు వినగానే అవి తెరుచుకునేవి. బెదిరించారు, మిఠాయి పెట్టారు, చివరికి ఇంటికి పంపించారు. ఆ తరువాత ఎవరూ పిలవలేదు. కుర్రవాడికి గొంతు మారిందని, చదువు కోసం మానేశాడని, తలపొగరని రకరకాలుగా చెప్పుకున్నారు; అవేవీ నిజం కావు. కళ్ళు మూసుకోలేక మానేశాను. నాయన మాత్రం సంతోషించి నన్ను మదురైలో విద్యార్థి వసతిగృహంలో చేర్చారు. నేను చదువుకుని ఉపాధ్యాయుణ్ణయ్యాను, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. పేరుకు ముందున్న మాస్టర్ అనే మాట పేరు వెనక్కి వచ్చి చేరింది. కళాశాలలో ఉండగా మదురై వీధిలో పాత పుస్తకాల మధ్య ఒక తెలుగు వాచకాన్నీ ఒక నిఘంటువునూ కొని, ఎవరి సాయమూ లేకుండా అక్షరాలు నేర్చుకున్నాను. నేను వెతికిన మొదటి మాట ఏదో చెప్పనక్కరలేదు. సంస్కృతంలో దానికి సమయం, సందర్భం అని అర్థమట. తమిళులు దాన్ని తొందరగా మార్చుకున్నారు, తెలుగువాళ్ళు అక్కరగా మార్చుకున్నారు. ఎవరిదీ తప్పు కాదు.

అవ్వ చాలా ఏళ్ళు బతికింది. ఆ మాటను మాత్రం మళ్ళీ నోట పలకలేదు. తొందరకు వేగిరం అనేది, అక్కరకు కావాల అనేది. ఎవరైనా ఆ మాట అంటే లేచి లోపలికి పోయేది. నిఘంటువులో చూసినది ఆమెకు వివరించబోయాను. "అదంతా బుక్కులో సరి సామీ" అని ఆపేసింది. నేను ప్రధానోపాధ్యాయుణ్ణయ్యాక సెలవులకు వెళ్ళి వసారాలో కుర్చీలో కునుకు తీస్తే, మెలకువ వచ్చేసరికి నా నెరసిన మీసం మీద ఆముదం వాసన ఉండేది.

ఇప్పుడు మా మనవరాలు యామినికి పదేళ్ళు. పుట్టిన గడియ నుంచి ఆమె నవ్వని రోజు లేదు, ఆ నవ్వు తీయని రోజూ లేదు; ఫోనులో వేలకొద్దీ నవ్వులున్నాయి. మా కాలంలో ఒక్క నవ్వు కోసం ఒక ముసలామె ఊళ్ళు తిరిగింది. ఏది మేలో తేల్చే పని నేను చేయను. అంత సులువుగా దొరికే నవ్వును యముడు లెక్కచేస్తాడా అని మాత్రం ఒక్కొక్కసారి అనిపిస్తుంది. గత వారం ఈ పిల్ల ఆ సినిమాను ఎక్కడినుంచో పట్టుకుని, "తాతా, నువ్వే! చూడు!" అని ఫోను నా ఒళ్ళో పెట్టింది. నేను శవాలను చూశాను, మోశాను, కొరివి పెట్టాను. మూఢనమ్మకాల మీద పిల్లలకు నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అయినా ఏటి ఒడ్డు రాగానే, ఆ పిల్లవాడి రెప్పలు వాలబోతుండగా, నా అరచేయి దానంతట అదే వెళ్ళి తెరను కప్పింది. "తాతా, చెయ్యి తియ్యి, కనబడ్డం లేదు!" అంది యామిని. ఆ ఏడుపు అయిపోయేదాకా నేను తీయలేదు.

వచ్చే బుధవారం ఆపరేషన్. బల్ల మీద నన్ను నిద్రపుచ్చుతారు. ఈసారి కళ్ళు తెరవడం నా చేతిలో లేదు. యామినిని పిలిచి, ఎవరూ వినకుండా ఒక పని అప్పగించాను. నాకు మెలకువ రాగానే ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకోవాలి. నేను నవ్వుతాను. నవ్వకపోతే, మా నాయన వసారాలో ఎలా నడిచేవారో ఆమె నడిచి చూపించాలి. ఆ నడక నేర్పడానికి నిన్న మధ్యాహ్నమంతా బెత్తం పట్టుకుని మా వసారాలో పచార్లు చేశాను. సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

నా తెలుగు బడిలో నేర్చినది కాదు. సగం మా అవ్వ వంటింట్లోది, సగం పాత పుస్తకాలలోది. రెండూ కలిసేచోట నాకు తెలియకుండా ఏ మాట ఏ అర్థం మోస్తోందో చెప్పలేను. ఇది చదివేవారు ఇందులో మాట తప్పినా, అర్థం తప్పినా, మా వైపు పెద్దలెవరికైనా సంగతి మరోలా తెలిసినా, దయచేసి దిద్ది నాకు తెలియజేయండి. మా అవ్వ అర్థంలో అవసరం లేదు. మీ అర్థంలో అవసరం ఉంది.